ఖాళీ షీట్లు

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. ఈ పదకొండో భాగం వారం ఆలస్యంగా వచ్చింది. తప్పు పత్రికవాళ్లది కాదు, నాది. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. ఇప్పటికీ ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆగి ఆలోచించుకుంటాను. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకొని చదవండి, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

*

"చేతికి కట్టు వేయించుకొచ్చారు, సరే. ఎందుకు పడిందో కనుక్కోవద్దా?" అన్నాడు కొడుకు, గుమ్మంలో బూట్లు కూడా విప్పకుండా.



అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఫోను రాగానే ఎక్కడో పదంతస్తుల భవనంలో పని సగంలో వదిలేసి వచ్చాడు. తాను ఉండే ఇంటికి మాత్రం నలభై నాలుగు మెట్లు ఎక్కాలి. ఆయాసమూ కోపమూ కలిసి గొంతు బొంగురుపోయింది.

మంచం మీద తల్లి వెల్లకిలా పడుకొని ఉంది. కుడి మణికట్టుకు తెల్లటి కట్టు. నుదుటి మీద నాలుగు కుట్లు. పొద్దున ఎనిమిదిన్నరకు కింద పెరట్లో ఉన్న మరుగుదొడ్డికని బయల్దేరి, మెట్ల మలుపు దగ్గర కళ్లు తిరిగి, తొమ్మిది మెట్లు జారింది.

"మెట్లు తడిగా ఉన్నాయేమో," అంది కోడలు.

"తడి లేదు వదినా. నేను చూశాను," అంది ఆడపడుచు.

"చెప్పులు జారాయేమో..."

"చెప్పులూ లేవు. ఒట్టి కాళ్లతోనే దిగింది."

"అబ్బబ్బ, ఇంట్లోకి పోలీసులొచ్చినట్టుంది," అంది అత్త కళ్లు మూసుకునే. "పడ్డాను. ఈ వయసులో పడక ఎగురుతానా?"

ఆడపడుచును ఇంట్లో చిట్టి అంటారు. ఆఫీసులో లెక్కల మేడం అంటారు. ఈ వీధిలోని పన్నెండు మేడల్లో బీపీ ఉన్న ఆడవాళ్లకు ఇంటికే మాత్రలు పంపి, వాళ్లు వాడుతున్నారో లేదో చూసి, బీపీ ఎంత తగ్గిందో రెండేళ్లుగా ఒక పరిశోధన జరుగుతోంది. దాని లెక్కలన్నీ చిట్టి చేతి మీదుగానే పోతాయి.

వదిన అదే పరిశోధనకు ఇళ్లు తిరిగే కార్యకర్త. నెలకోసారి ప్రతి గడపకూ వెళ్లి, పాత మాత్రల షీటు ఖాళీ అయిందో లేదో చూసి రాసుకొని, బీపీ చూసి, కొత్త షీటు ఇచ్చి వస్తుంది. వీధిలో అందరూ ఆమెను షీట్లమ్మ అని పిలుస్తారు.

ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, ఒకే పనిలో ఉన్నారు, బాగుంది అని మొదట్లో అందరూ అన్నారు. ఈమధ్య ఎవరూ అనడం లేదు.

చిట్టి మంచం పక్కన కూచుంది. నిన్న సాయంత్రమే వచ్చింది, రెండు రోజులుందామని. అంతకుముందు వచ్చి చాలా నెలలైంది.

"అమ్మా, పొద్దున ఏడింటికి మాత్ర వేసుకున్నావు కదా?"

"నువ్వే కదే చేతిలో పెట్టావు."

"అంటే గంటన్నరకు కళ్లు తిరిగాయి."

"ఏ మాత్ర?" అన్నాడు కొడుకు.

"కొత్త మాత్ర అన్నయ్యా. పాతదానికి రెట్టింపు. మొన్న వదిన ఈ మేడలో పంచింది. మిగతా పదకొండు మేడలకూ రేపు పొద్దున వ్యాను వస్తుంది."

"రెట్టింపు ఎందుకు? ఎవరు చెయ్యమన్నారు?"

చిట్టి కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుంది.

"రెండేళ్లుగా నూటికి తొంభై ఆరు మంది ఒక్క రోజు మానకుండా మాత్ర వేసుకుంటున్నారు. బీపీ మాత్రం ఇంచు కదల్లేదు. అంటే మందు చాలడం లేదన్నమాట. పెంచాలని పెద్ద డాక్టరుగారు అన్నారు. ఆయనకు ఆ లెక్క తీసిచ్చింది నేనే."

"మరి ఇప్పుడేంటి?"

"అదే అర్థం కావట్లేదు. రెండేళ్లు అలవాటైన మందే కదా. కాస్త పెరిగితే ఇలా పడేయకూడదు."

 కోడలు మడత పెట్టి ఉన్న తువ్వాలును విప్పి మళ్లీ మడత పెట్టింది. అత్త గోడవైపు తిరిగింది.

"అలవాటెక్కడిది..." అంది గోడతో.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. కాసిని నీళ్లివ్వండి."

కోడలు గ్లాసు తెచ్చింది. అత్త సగం తాగి ఇచ్చేసింది.

"మొత్తం తాగండి అత్తయ్యా. మందులు వేసుకున్నారు."

"మొత్తం తాగితే మళ్లీ దిగాలి. ఇప్పుడు నన్ను ఎత్తుకొని దించేదెవరు, నీ మొగుడా? వాడికి కరెంటు మీద దిగే పెట్టె కావాలి."

కొడుకు నవ్వలేదు. చిట్టి ఆ సగం గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, ఇటు తిరుగు. అలవాటెక్కడిదంటే ఏంటి?"

అత్త తిరగలేదు. తిరగకుండానే చెప్పింది.

"ఆ బిళ్ల వేసుకుంటే గంటకోసారి లేవాలి. లేస్తే దిగాలి, దిగితే ఎక్కాలి. మీ నాన్న పోయిన ఏడే నా మోకాళ్లూ పోయాయి. అయినా పది రోజులు వేసుకున్నాను. పదకొండో రోజు కిందికి చేరేలోగా..." కొడుకు ఉన్నాడని ఆగింది. తర్వాత ఆగీ లాభం లేదనుకుంది. "మెట్ల మీదే బట్టలు తడుపుకున్నాను. పాలు పోసే అతను ఎదురొచ్చాడు. ఆ రోజు నుంచి వేసుకోలేదు."

"రెండేళ్లుగా?"

"రెండేళ్లుగా."

"మరి ఖాళీ షీట్లు? నెలనెలా ముప్పైకి ముప్పై అని నీ పేరు మీద రాసి ఉంది."

"నొక్కి తీసి, ఆ గులాబీ కుండీలో గుచ్చాను."

కొడుకు కిటికీ వైపు చూశాడు. కుండీలో ఎండిన పుల్ల ఒకటి నిలబడి ఉంది.

"అది నేను తెచ్చిన మొక్క. ఎండకు చచ్చిపోయిందన్నావు."

"ఎండ కూడా కొంత ఉందిలేరా."

కోడలికి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆసుపత్రి వరండాలో నిలబడి నిలబడి ఒళ్లు హూనమై ఉందేమో, ఆపుకోలేకపోయింది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతావేంటి వదినా!" చిట్టి గొంతు గది దాటి వినిపించింది. "అంటే రెండేళ్లలో అమ్మ వేసుకున్న మొదటి మాత్ర ఈ రోజుదే! డెబ్బై ఏళ్ల మనిషి, ఒకేసారి రెట్టింపు! పడక ఏం చేస్తుంది?"

కోడలి నవ్వు పోయింది.

"వేసుకోవడం లేదని ఒక్క మాట చెప్పచ్చు కదమ్మా! అడిగే మనిషి ఇంట్లోనే ఉంది కదా!"

"ఇంట్లో ఉంది కాబట్టే చెప్పలేదు."

"అదేం మాట?"

అత్త ఇప్పుడు ఇటు తిరిగింది. కట్టు ఉన్న చేతిని ఇంకో చేత్తో ఎత్తి పొట్ట మీద పెట్టుకుంది.

"మీ ఆఫీసులో నెలకోసారి మీటింగు పెడతారు కదా. ఖాళీ షీట్లు తక్కువొచ్చిన కార్యకర్తలను లేపి, పేరు చదివి, ఎందుకు తక్కువొచ్చాయని అందరి ముందూ అడుగుతారు కదా. మొదటి నెలలోనే దీన్ని అరగంట నిలబెట్టారు. ఇంటికొచ్చి తిండి తినలేదు. కుళాయి దగ్గర బిందె పెట్టి, అది నిండి పొర్లుతుంటే అలాగే నిలబడి ఏడ్చింది. మేడంతా చూసింది."

"అత్తయ్యా, అవన్నీ ఇప్పుడెందుకు?"

"నువ్వూరుకో. ఆ మర్నాడు మెట్ల దగ్గర అందరం అనుకున్నాం. మన పిల్ల ఇంకోసారి మాట పడకూడదని."

"అందరం అంటే?" అంది చిట్టి.

"అందరమంటే అందరమే. ఇరవై మూడు వాటాలు. కుదిరినవాళ్లు వేసుకోవాలి, కుదరనివాళ్లు నొక్కి పడేయాలి. షీటు మాత్రం ఖాళీగా ఇవ్వాలి. ఏ ఇంటి నుంచీ తక్కువ రాకూడదు."

చిట్టి మంచం పక్కన నుంచి జారి నేల మీద కూచుంది.

"తొంభై ఆరు," అంది. 

మీటింగులో చదివే ఆ పేర్ల పట్టీ తయారుచేసేది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ చిట్టి వైపు చూడలేదు.

కొడుకు అప్పుడు బూట్లు విప్పాడు. ఒకటి విప్పి, రెండోదాని దగ్గర ఆగి, భార్య వైపు చూశాడు.

"నీకు తెలుసా ఇదంతా?"

కోడలు తువ్వాలు అంచు సరిచేసింది.

"అడుగుతున్నాడు కదా వదినా, తెలుసా?" అంది చిట్టి కూడా.

"షీటు చూడమన్నారు, చూశాను. ఖాళీగా ఉంటే ఖాళీ అని రాశాను. ఫారంలో షీటుకే గడి ఉంది. నోటికి లేదు."

"అది జవాబు కాదు వదినా."

"మెట్లకూ గడి లేదు చిట్టీ. మూడో అంతస్తులో ఉండే ఆడమనిషి ఎక్కడికి వెళ్తుందో, ఎన్నిసార్లు వెళ్లగలదో రాయడానికి చోటు లేదు. నేను ఒకసారి రాశాను. ఫారం అంచున, 'మరుగుదొడ్డి కింద ఉంది, ముసలివాళ్లకు ఇబ్బంది' అని. గడి బయట ఏమీ రాయకూడదని ఫారం తిప్పి పంపారు."

"ఎవరు పంపారు?"

"కింద సంతకం నీదే."

బయట ఎవరో మెట్లు ఎక్కుతున్నారు. అడుగులు ఈ వాటా దాకా వచ్చి, దాటి, పైన డాబా మీదకు పోయాయి. 

"నాకు గుర్తు లేదు," అంది చిట్టి చివరికి. "నెలకు మూడువందల ఫారాలు చూస్తాను వదినా. గడి బయట రాస్తే యంత్రం తీసుకోదు. అందుకని..."

"తెలుసు. నేనేమీ అనలేదు."

"అనకుండా అన్నావు."

"సరే, ఇక చాలు," అన్నాడు కొడుకు. రెండో బూటు విప్పి మూలకు విసిరాడు. "అమ్మ జారి పడింది. అంతే. ఇది ఈ గది దాటకూడదు. రెండేళ్లు తప్పుడు రాతలు రాసిందని దీన్ని పనిలోంచి తీసేస్తారు. తీసేసి ఊరుకోరు, పేరు కూడా పోతుంది. ఈ వీధిలో ఇది తలెత్తుకొని తిరగొద్దా?"

"రేపు వ్యాను పోతుంది అన్నయ్యా. పదకొండు మేడలు. అక్కడ కూడా నొక్కి పడేసేవాళ్లు ఉంటే? ఈ ఒక్క మేడ లెక్కే తప్పయితే మిగతా మేడల్లో బీపీ తగ్గి ఉండాలి కదా. ఎక్కడా తగ్గలేదు."

"ఉంటే ఉంటారు. పడేస్తూనే ఉంటారు. పడేసినవాళ్లకు ఏమవుతుంది? కుండీలు ఎండిపోతాయి."

"రోజూ పడేసే మనిషి ఒక్క రోజు వేసుకుంటే? ఎవరో కూతురు ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి, వేసుకో అమ్మా అంటే?" అంది చిట్టి. "నేను నిలబడి వేయించాను అన్నయ్యా. మింగావా, నోరు తెరు, అని చూశాను కూడా."

"నీ తప్పేం లేదే," అంది అత్త.

"వద్దని ఎందుకు అనలేదమ్మా?"



"నువ్వు వచ్చీ రాగానే వద్దు, కాదు, అంటే ఎలా? పొద్దున్నే లేచి, గ్లాసు పట్టుకొని, నా పక్కన కూచున్నావు. ఎన్నాళ్లయింది నువ్వలా కూచొని. గొడవ పెట్టుకుంటే మళ్లీ సంచి సర్దుకుంటావని మింగేశాను."

చిట్టి లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. వెనక నుంచి చూస్తే ఏడుస్తోందో, బయటికి చూస్తోందో తెలియలేదు. కాసేపటికి ఫోను తీసింది.

"ఎవరికి?" అన్నాడు కొడుకు.

"పెద్ద డాక్టరుగారికి."

"చిట్టీ!"

"చేయనివ్వండి," అంది కోడలు.

కొడుకు ఆమె వైపు తిరిగాడు. ఆమె తలెత్తలేదు. తువ్వాలు ఇంకోసారి మడత పెడుతోంది.

పెద్ద డాక్టరు గొంతు ఫోనులోంచి గది అంతటికీ వినిపించింది. పాపం, కోపిష్టి మనిషి కాదు. అమ్మగారికి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. అంతా విన్నాడు. విన్న తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు.

"చూడమ్మా, ఒక్క ఇంటి మాట మీద వ్యాను ఆపమంటే పైవాళ్లకు నేనేం చెప్పను? ఒకవైపు రెండేళ్ల కాగితం ఉంది. ఇంకోవైపు మీ అమ్మగారు, అదీ తలకు దెబ్బ తగిలి ఉన్నారు."

"ఇరవై మూడు ఇళ్లు సార్."

"ఇరవై మూడు ఇళ్లవాళ్లూ నీతో చెప్పారా?"

"లేదు."

"పది ఇళ్లు చాలు. మేం వేసుకోవడం లేదని వాళ్ల నోటితో చెప్పి, సంతకం పెట్టాలి. సాయంత్రం ఐదులోగా తీసుకురా. వ్యాను నేను ఆపుతాను. లేకపోతే నా చేతిలో లేదు." మళ్లీ ఊపిరి వదిలాడు. "కార్యకర్త ఎవరో, ఆవిడ సంగతి తర్వాత చూద్దాం."

ఆ కార్యకర్త మా వదినే అని చిట్టి చెప్పలేదు. ఆయనకూ తెలుసు. ఆయనా అనలేదు.

ఫోను పెట్టేశాక చిట్టి ఒక తెల్ల కాగితం తీసి గీతలు గీసింది. ఒకటి నుంచి పది దాకా. పక్కన ఒక గడి. గీసిన గడిని చూసుకొని, దాన్ని కొట్టేసి, కాగితం తిప్పి, వెనకవైపు ఖాళీగా ఉంచింది.

"వదినా, నాకు చెప్పరు. నన్ను చూస్తే కుర్చీ తుడుస్తారు, అంతే. నీకైతే చెప్తారు."

కోడలు మంచం కింద నుంచి చెప్పులు తీసింది.

"వెళ్తున్నావా?" అన్నాడు కొడుకు.

"రెండింటికి అత్తయ్యకు నొప్పి బిళ్ల ఇవ్వండి. నొక్కి ఎక్కడైనా గుచ్చుతుందేమో చూసుకోండి."

"నేను చెప్పింది వినపడిందా నీకు?"

"వినపడింది. బాగా వినపడింది." చెప్పులు వేసుకుంటూ గుమ్మానికి చేయి ఆన్చింది. "పేరు పోతుందన్నారు కదా. అత్తయ్య తొమ్మిది మెట్లు దొర్లింది. ఇంకోచోట ఇంకో ఆవిడ పదో పన్నెండో దొర్లితే నాకు పేరుండి ఏం చేసుకోను?"

అతను మూలకు విసిరిన బూటు తీసుకొచ్చి రెండోదాని పక్కన సరిగ్గా పెట్టాడు.

*

మెట్ల మలుపు దగ్గర చిట్టి ఆగింది. పొద్దున అత్త తల తగిలిన చోట గోడ మీద సున్నం ఊడి ఉంది.

"ఇప్పుడెవరూ లేరు. నిజం చెప్పు. నీకు తెలుసు కదా?"

కోడలు కటకటాలకు ఆనుకొని నిలబడింది. ముఖం చూస్తే వారం రోజులు నిద్ర లేనట్టుంది.

"నెల రోజులు వాడిన షీటు ఎలా ఉంటుందో నాకు తెలుసు చిట్టీ. మూలలు వంగిపోతాయి. తడి చేతులతో, జిడ్డు చేతులతో పట్టుకుంటే మరకలుంటాయి. ఒక్కో గుంట ఒక్కో తీరుగా చిరుగుతుంది, ఒకరోజు గోరుతో, ఒకరోజు బొటనవేలితో. ఈ మేడ షీట్లు అద్దాల్లా ఉంటాయి. ముప్పై గుంటలూ ఒకే వేలితో, ఒకే పూట నొక్కినవే. అలాంటివి మొదటిసారి చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది."

"తెలిసీ రాశావు."

"తెలిసీ రాశాను. ఏమని అడగను? నాకోసం ఇంత పెద్ద అబద్ధం ఆడుతూ, షీటు చేతికిచ్చి, నవ్వుతూ నా ముఖం వైపు చూస్తారు. సరిపోయిందా, ఈసారి నిలబెట్టరు కదా, అని. అడిగితే ఆ నవ్వు పోతుంది." ఆగింది. "ఇంకో సంగతి కూడా ఉంది. మళ్లీ నిలబడాలంటే భయం. అది కూడా రాసుకో, కావాలంటే."

చిట్టి రాసుకోలేదు.

"బీపీ చూసేదానివి కదా. పైకే ఉండేది కదా. అప్పుడైనా భయం వేయలేదా?"

"వేసేది. ఉప్పు తగ్గించమని చెప్పేదాన్ని."

ఆ మాటకు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మొదట ఎవరింటికి?" అంది చిట్టి.

"రెండో అంతస్తు గుండీలక్క. నోరున్న మనిషి. ఆవిడ చెప్పిందంటే మిగతావాళ్లు వరసగా చెప్తారు. రెండింటికి షిఫ్టు, ఇప్పుడే పట్టుకోవాలి."

గుండీలక్క బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టే మిషను మీద పని చేస్తుంది. యాభై ఏళ్లుంటాయి. ఈ మేడలో అందరికంటే ఎక్కువ బీపీ ఆవిడదే. కుళాయి దగ్గర కోడలు ఏడ్చిన రోజు, బిందె దించి, పొర్లుతున్న కుళాయి కట్టేసి, ఆమెను ఇంటికి తీసుకొచ్చి దిగబెట్టింది ఈవిడే.

తలుపు కొట్టగానే తీసింది. జడ వేసుకుంటోంది, నోట్లో పిన్ను ఉంది.

"రా షీట్లమ్మా. మీ అత్తగారికెలా ఉంది? పొద్దున చప్పుడు విని బీరువా పడిందనుకున్నా." అప్పుడు వెనక ఉన్న చిట్టిని చూసింది. నోట్లోంచి పిన్ను తీసేసింది. "లెక్కల మేడం కూడా వచ్చారే. కూచోండి, కూచోండి. ఆగండి, కుర్చీ మీద బట్టలు తీస్తా."

కుర్చీ తుడిచింది. తుడుస్తూనే అలమరలోంచి షీటు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"మొన్నిచ్చిన కొత్తది. నిన్నటిదీ మొన్నటిదీ అయిపోయాయి. చూసుకో."

రెండు గుంటలు ఖాళీగా ఉన్నాయి. అంచులు నలగలేదు. కోడలు దాన్ని చూడకుండానే బల్ల మీద పెట్టింది.

"ఈ రోజు షీటు చూడటానికి రాలేదక్కా."

"మరి?"

"ఒకటి అడుగుతాను. ఫ్యాక్టరీలో షిఫ్టుకు ఎన్నిసార్లు బయటికి వెళ్లనిస్తారు?"

"రెండుసార్లు. టోకెను తీసుకొని వెళ్లాలి. మూడోసారి అడిగితే సూపర్‌వైజరు గడియారం చూపిస్తాడు. ఎందుకు?"

"ఈ బిళ్ల వేసుకుంటే ఎన్నిసార్లు వెళ్లాల్సి వస్తుంది?"

గుండీలక్క జడ కొస ముడి వేయడం ఆపింది. చిట్టి చేతిలో కాగితం చూసింది, పెన్ను చూసింది.

"ఇదేంటి కొత్తగా?"

"అత్తయ్య అంతా చెప్పేసిందక్కా. మెట్ల దగ్గర మీరందరూ అనుకున్నది."

"ముసలావిడకు దెబ్బ గట్టిగానే తగిలినట్టుంది."

"అక్కా..."

"మాకేం తెలీదు. మేమేం అనుకోలేదు."

చిట్టి ముందుకు వచ్చింది. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరండి. మీరు నిజం చెప్తే ఈ మందు మారుస్తారు. ఇన్నిసార్లు వెళ్లాల్సిన అవసరం లేని మాత్రలు వేరే ఉన్నాయి."

"ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరి ఇన్నాళ్లూ అవెందుకివ్వలేదు?"

"మాకు... తెలీలేదు."

"ఏం తెలీలేదు? ఇల్లు మూడంతస్తులని తెలీలేదా, మేం మనుషులమని తెలీలేదా?" గుండీలక్క గట్టిగా అనలేదు. పని మీదకు వెళ్లేముందు గట్టిగా అనే ఓపిక ఎవరికుంటుంది. ముడి వేసుకొని, జడ వెనక్కి వేసింది. "సరే. చెప్పి, ఆ కాగితం మీద సంతకం పెట్టాలి, అంతేనా?"

"అంతే," అంది చిట్టి. పెన్ను చాపింది.

గుండీలక్క పెన్ను అందుకోబోయి ఆగింది.

"పెడితే షీట్లమ్మకు ఉద్యోగం ఉంటుందా?"

చిట్టి నోరు తెరిచింది. అంతలో కోడలు చెప్పింది.

"ఉండకపోవచ్చు అక్కా. అయినా ఫరవాలేదు. నువ్వు పెట్టు."

ఉంటుంది అని ఒక్క ముక్క అనేస్తే అయిపోయేది. ఇన్నాళ్లూ అబద్ధం ఆడీ ఆడీ విసిగిన మనిషి, సరిగ్గా ఆ నిమిషంలో నిజం చెప్పింది.

గుండీలక్క తల ఊపింది. పెన్ను తీసుకోలేదు.

"నేను రోజూ వేసుకుంటున్నా మేడం. ఒక్క రోజు మానలేదు. రాసుకోండి."

"అక్కా, నా మాట విను, అత్తయ్య ఎందుకు పడిందో తెలుసా..."

"ముసలావిడ, పడింది. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నా." బల్ల మీది షీటు అందుకుంది. "ఇంకా నమ్మకం లేదా? ఈ రోజుది వేసుకోలేదు. చూడండి."

టప్పుమని బిళ్ల అరచేతిలో పడింది. కోడలు చేయి చాపేలోగా నోట్లో వేసుకుంది. చెంబెత్తి గటగట నీళ్లు తాగింది. సగం కాదు, చెంబుడూ తాగింది. చిట్టికి ఎదురుగా వచ్చి నిలబడి, చిన్నపిల్లలా నోరు పెద్దగా తెరిచి చూపించింది.

"చూశారుగా? మీ కళ్లతో చూశారు. ఇక షీట్లమ్మను ఎవరైనా ఏమైనా అంటే మీరే చెప్పాలి."

వీధి చివర ఫ్యాక్టరీ బస్సు హారను మోగింది.

"అయ్యో, టైమైంది. తలుపు దగ్గరగా వేసి వెళ్లండి, చిన్నదొచ్చి తాళం వేసుకుంటుంది."

సంచి భుజాన వేసుకొని చకచకా మెట్లు దిగిపోయింది. ఆ అడుగుల చప్పుడు ఒక అంతస్తు, ఇంకో అంతస్తు, తర్వాత వాకిలి.

చిట్టి చేతిలో కాగితం అలాగే ఉంది.

"వదినా," అంది నెమ్మదిగా. "ఆవిడ ఇంతకుముందు ఎప్పుడైనా..."

కోడలు అప్పటికే మెట్ల మీద ఉంది. ఒక చెప్పు మొదటి మలుపులోనే ఊడిపోయింది. "అక్కా! ఆగక్కా! బస్సు ఎక్కకు!" అని అరుస్తూ వాకిలి దాటి వీధిలో పడింది. వీధిలో జనం తిరిగి చూశారు.

బస్సు తలుపు మూసుకుంది. వెనక కిటికీలో గుండీలక్క కనిపించింది. షీట్లమ్మ పరుగెత్తుకొని రావడం చూసి, థాంక్స్ చెప్పడానికి వస్తోందనుకుంది కాబోలు, వద్దు వద్దు అన్నట్టు చేయి ఊపి నవ్వింది.

బస్సు మలుపు తిరిగింది. కోడలు ఆగలేదు.

*

ఇట్లు,
దర్జీ పెద్దమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది చెల్లెలి ఇంట్లో, వంటగది పక్క గదిలో.